మూత మీది నిప్పులు

కొండ దిగువన మొక్కజొన్న చేను, చేను దాటితే అడవి. చేను రైతుది. అడవి ఎవరిదో ఇంకా తేలలేదు గానీ, కంకులు విరిచి బండెక్కించాక చేలో మిగిలే పరిగె మాత్రం అడవివాళ్ళదే. దాని మీద రైతుకీ వీళ్ళకీ ఏనాడూ పేచీ లేదు. పేచీ అంతా ఆ పరిగె ముందు ఎవరు ఏరుకోవాలన్న దగ్గరే. ఒక ఏడు కుందేళ్ళూ కాకులూ దానికోసం కొట్టుకుంటే, చివరికి చేలో కంకుల కన్నా ఊడిన ఈకలూ బొచ్చే ఎక్కువ పోగయ్యాయి.

అప్పుడు ఎలుగుబంటి భల్లయ్య, అందరికీ పెద్ద కాబట్టి, ఒక కట్టడి పెట్టాడు. ఏటా వాగు ఒడ్డున వనభోజనం. చోడి అంబలి ఆయనే కాస్తాడు. అందులోకి నంజుకోవడానికి మొక్కజొన్నతో ఎవరు కమ్మటిది చేస్తే ఆ ఏడు మొదటి పరిగె వాళ్ళది.

కట్టడి పెట్టిన నాటి నుంచీ ఆ మొదటి పరిగె ముళ్ళపంది నూకాలు గడప దాటి పోలేదు. నిప్పుల మీద దాక పెట్టి ఆమె కాల్చే మొక్కజొన్న అలాంటిది మరి. మొగుడు లేని ఇల్లు, ముగ్గురు పిల్లలు. ఆ పరిగె పోతే ఎండాకాలం వాళ్ళు వేళ్ళు తవ్వుకు తినాల్సిందే.

నక్క సింగారయ్యకి ఆ ఇబ్బంది లేదు. ఎక్కడ పడితే అక్కడ, ఏది పడితే అది తినగల కడుపు అతనిది. కాకపోతే పదిమంది తన ముందు నిలబడి “అయ్యగారూ, రెండు కంకులు ఇప్పించండి” అంటుంటే వినాలని చాలాకాలంగా కోరిక. ఈ ఏడు ఆ కోరిక మరీ ముదిరి, వనభోజనం రేపనగా నూకాలు బొరియ దగ్గరికి వెళ్ళాడు.

“వదినా, ఉన్నావా?”

“లేను, సంతకెళ్ళాను,” అంది నూకాలు లోపల్నుంచి. “కూర్చో మరిదీ. ముళ్ళు రాలి ఉంటాయి, చూసుకుని కూర్చో.”

సింగారయ్య తోకతో నేల ఊడ్చుకుని కూర్చున్నాడు.

“ఏం పని పడింది? ఊరికే వచ్చే కాళ్ళు కావవి,” అంది నూకాలు బయటికొచ్చి.

“నీ చేతి వంట గురించే. ఇన్నేళ్ళుగా తింటున్నాను, ఎలా చేస్తావో అంతు చిక్కడం లేదు. ఈసారి నేనూ ఒక దాక పెడదామని ఉంది. కాస్త చెబుదూ.”

ఆమె చెబుతుందని అతను అనుకోలేదు. కసురుతుంది, ఆ కసురులో ఏదో ఒక ముక్క జారుతుంది, దాన్ని నోట కరుచుకుని పోదామనే వచ్చాడు.

నూకాలు అతని మొహం వంక చూసింది. వాకిట్లో పొర్లుతున్న పిల్లల వంక చూసింది. తర్వాత చల్లగా మొదలుపెట్టింది.

“దానికేం భాగ్యం. దిగువ మడిలో కంకి కోసుకో. గోరు గుచ్చితే పాలు చిమ్మాలి. మరీ లేతైతే నీళ్ళోడుతుంది, ముదిరితే పలుకు పడుతుంది. గింజలు ఒలవకు. కండె మీదే ముల్లుతో వరస వరసా చీల్చి గిన్నెలోకి దువ్వితే పాలూ గుజ్జూ దిగుతాయి, తొక్కు కండెకే ఉండిపోతుంది. గేదె మీగడ, పచ్చిమిర్చి, అల్లం, ఉప్పు వేసి కలుపు. నీళ్ళు చుక్క కూడా పోయకు. దాక అడుగున పసుపాకు పరిచి అందులో పోసెయ్యి.”

“మరి మంట?”

“మంట కాదు, నిప్పులు. కింద గుప్పెడు, మూత మీద నిండుగా. ఇది ఉడికేది కాదు, పైనుంచి దిగుతూ కాలేది. ఇక ఆఖరు మాట. మూత తీయకు. అంచు ఎర్రబడ్డాక వాసనే వచ్చి నిన్ను పిలుస్తుంది. అందాకా ప్రాణం కొట్టుకున్నా తీయకు.”

అంతటితో ఆగలేదు. వీపు మీదినుంచి ఒక ముల్లు పీకి చేతిలో పెట్టింది. “చీల్చడానికి పనికొస్తుంది, ఉంచు.”

సింగారయ్య దణ్ణం పెట్టి బయల్దేరాడు. మలుపు తిరిగాక ఆగి, ‘ఆమె స్థానంలో నేనుంటే నిజం చెబుతానా?’ అని తనను తాను అడిగి చూసుకున్నాడు. జవాబు కోసం ఎక్కువ వెతకాల్సిన పని పడలేదు.

‘పిల్లల తిండి పోతుందని తెలిసీ గుట్టంతా విప్పుతుందా? పైగా ముల్లొకటి దానం. ఓసి నూకాలూ, ఎవరి దగ్గర నీ ఆటలు?’ అనుకున్నాడు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన. ముల్లు తుప్పల్లోకి విసిరేశాడు. ఆమె చెప్పిందాన్ని చొక్కా తిరగేసినట్టు మొత్తం తిరగేసుకున్నాడు. ‘జనం అదృష్టం కోసం నక్క తోక తొక్కాలంటారు. నా తోక నా వెనకే ఉంది, ఇంకేం కావాలి?’ అని నవ్వుకున్నాడు కూడా.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాడు. దిగువ మడి అంది కాబట్టి ఎగువ మడికి పోయాడు. అక్కడ పంట ముందు వేసింది, కంకులు రాళ్ళైపోయాయి. ఒలవొద్దంది కాబట్టి ఒలిచాడు. దాకలో పడుతున్న గింజల చప్పుడుకి పక్క చెట్టు మీది గోరింక వడగళ్ళేమో అనుకుని రెక్కల కింద తల దాచుకుంది. చుక్క నీళ్ళు వద్దంది కాబట్టి కుండెడు పోశాడు. కింద గుప్పెడంది కాబట్టి కింద మోడులు పేర్చి మంట పెట్టాడు. మూత మీద మాత్రం ఒక్క నిప్పు కూడా వేయలేదు.

‘మూత తీయొద్దని అంతలా చెప్పిందంటే, కిటుకంతా తీయడంలోనే ఉండి ఉంటుంది’ అనుకుని తీశాడు. ఆవిరి మొహాన కొట్టింది. మూశాడు, మళ్ళీ తీశాడు. ఈసారి మీసం కాలింది. కిటుకు దగ్గర పడుతున్నట్టుంది అనుకుని, మీసం మిగిలినంతసేపూ తీస్తూనే ఉన్నాడు. చివరికి అడుగునుంచి మాడు వాసన లేచింది.

“పిలుస్తుందన్న వాసన ఇదే కాబోలు,” అని దాక నెత్తిన పెట్టుకుని వాగుకి నడిచాడు.

వాగు ఒడ్డున అందరూ చేరారు. భల్లయ్య అంబలి దొప్పల్లో పోశాడు. నూకాలు పొద్దుటినుంచీ అక్కడే ఓ పక్కన దాక పెట్టుకుని, దానికి వీపు పెట్టి కూర్చుని ఉంది. కింద సన్నగా నిప్పులు, మూత నిండా నిప్పులు.

“ముందు నాది,” అన్నాడు సింగారయ్య.

భల్లయ్య ఒక పిడికెడు నోట్లో వేసుకున్నాడు. కటుక్కుమంది. ఆయన దవడ పట్టుకుని కాసేపు ఆలోచించాడు.

“పెద్దయ్యా, విరిగింది పన్నా, గింజా?” అంది గోరింక.

“నాలుకతో వెతుకుతున్నాను. రెండూ ఒకేలా ఉన్నాయి,” అన్నాడు భల్లయ్య.

అంతలో నూకాలు లేచింది. ఆమెను వాసన పిలిచింది, ఆమెతోపాటు అక్కడున్న అందరినీ పిలిచింది. నిప్పులు పక్కకి దులిపి మూత తీస్తే, దాకలో పైన అంతా లేత ఎరుపు, అంచుల్లో కాస్త ముదురు, నడిమధ్య ఇంకా నెమ్మదిగా ఊపిరి తీస్తున్నట్టు పొంగి దిగుతోంది. ముక్క కోస్తే లోపల మీగడలా మెత్తన. ఒక కుందేలు ముసలమ్మ అంబలి సంగతే మరిచిపోయి నంజుకునేదే కడుపు నిండా తింది. దొప్పలు నాకుతున్న చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు.

సింగారయ్య ముక్కు అతన్నడగకుండానే దాక దాకా పోయింది. ముక్కుని వెనక్కి లాక్కుని అన్నాడు, “ఇది మోసం పెద్దయ్యా. నాకు అబద్ధం చెప్పింది.”

“ఏం చెప్పింది?” అన్నాడు భల్లయ్య.

సింగారయ్య అప్పజెప్పాడు. పాల కంకి, చీల్చిన గింజ, మీగడ, నీళ్ళు లేకుండా, కింద గుప్పెడు, పైన నిండుగా, మూత తీయకుండా. అతను ఒక్కొక్కటీ చెబుతుంటే అందరూ నూకాలు దాక వంకా, పక్కన పడున్న పాల కండెల వంకా, దులిపిన నిప్పుల వంకా చూశారు. సింగారయ్య కూడా చూశాడు. ఆఖరి మాటకొచ్చేసరికి గొంతు సన్నబడింది.

“ఇందులో అబద్ధమేదయ్యా? ఇంతకీ నువ్వెలా చేశావు?” అన్నాడు భల్లయ్య.

“తిరగేసి,” అన్నాడు సింగారయ్య.

“ఎందుకని?”

“నేనైతే నిజం చెప్పేవాణ్ణి కాదు మరి.”

గోరింక నవ్వి నవ్వి కొమ్మ మీదినుంచి జారింది. మొదటి పరిగె ఈ ఏడూ నూకాలుదేనన్నాడు భల్లయ్య, దవడ పట్టుకునే.

నవ్వులు సద్దుమణిగాక సింగారయ్య నూకాలు పక్కకి చేరి మెల్లగా అడిగాడు. “వదినా, ఒక్క మాట. నువ్వు నిజంగానే అబద్ధం చెప్పి ఉంటే ఏమయ్యేది?”

“నువ్వు దాన్ని తిరగేసి, నాలాగే వండి ఉండేవాడివి,” అంది నూకాలు. “ముగ్గురు పిల్లల తల్లిని మరిదీ. అంత సాహసం చేయగలనా?”

సింగారయ్య పుట్టి బుద్ధెరిగాక తను పన్నిన ఎత్తులన్నీ గుర్తు చేసుకుని, ఒక్కోదాన్నీ ఈ ఎత్తు పక్కన నిలబెట్టి చూసుకున్నాడు. నక్కకీ నాగలోకానికీ ఉన్నంత దూరం కనిపించింది. కడుపులో ఉడుకుమోత్తనం ఎంత వెతికినా దొరకలేదు. దొరికిందల్లా ఆకలి. దొప్ప చాచాడు.

నూకాలు దాక అడుగునుంచి పెద్ద ముక్కే తీసి పెట్టింది. “లోపల ఇంకా నిప్పులా ఉంది, ఆగి తిను.”

సింగారయ్య ఆమె మొహం వంక చూశాడు, ముక్క వంక చూశాడు. తల పంకించి, ఊదకుండా మొత్తం ఒక్కసారే నోట్లో వేసుకున్నాడు.

ఆ పరుగు వాగులో ఆగింది.

దొంగ కంటికి తీసి ఉన్న తలుపును మించిన తాళం లేదు.