ఓడను లాగిన ఎగతాళి

అనగనగా అంటాను, మీరు ఊఁ కొట్టాలి మరి. సముద్రతీరాన ఒక రేవుపట్నం. అక్కడ రాజుగారు కొత్త ఓడ కట్టించారు. దాన్ని ఇసుక మీంచి నీళ్లలోకి లాగించే పని విజయగుప్తుడికి అప్పగించారు. అతడు కొండల దేశంవాడు. చెడ్డవాడు కాదు, కాస్త తొందర మనిషి.

"పున్నమి పోటుకు ఓడ నీళ్లలో తేలాలి. లేదా, నీ కొలువు మరొకరికి" అన్నారు రాజుగారు. పున్నమికి ఇంకా రెండు రోజులే ఉన్నాయి.

మొదటి రోజు అరవై మంది పల్లెకారులు తాడు పట్టారు. వాళ్లు లాగేటప్పుడు పాట పాడేది నూకతాత. ఆయన పక్కనే బండమీద కూర్చుని పాట ఎత్తుకోబోయాడు.

"తాడు పట్టనివాడికి కూలెందుకు? పొమ్మనండి!" అన్నాడు విజయగుప్తుడు.

తాత లేచి వెళ్లిపోయాడు. పాపం, ముసలాయన కళ్లు చెమర్చాయి. పాట లేకుండా ఎంత లాగినా ఓడ జానెడు కదిలి ఆగిపోయింది.

రెండో రోజు విజయగుప్తుడు కొత్త ఉపాయం పన్నాడు. "అందరికంటే గట్టిగా లాగినవాడికి బంగారు కడియం!" అని చాటించాడు. ఇంకేముంది, ఎవడికి వాడే బలం చూపబోయాడు. ఒకడు ముందు, ఒకడు వెనక. తాడు పుటుక్కున తెగింది. అన్నదమ్ముల్లాంటివాళ్లు ఒకరినొకరు తిట్టుకుంటూ ఇళ్లకు పోయారు.

మూడో రోజే పున్నమి. కడలి పొంగుతోంది. ఓడ ఇంకా ఇసుక మీదే ఉంది. విజయగుప్తుడు పరుగున వెళ్లి తాత గుమ్మంలో నిలబడ్డాడు.

"తాతా, తప్పు నాదే. వచ్చి పాడు."

"వత్తాను బాబూ. గానీ మా పాటలో పని సేయించే దొరని ఎగతాళి సెయ్యాల. అది మా తాతలనాటి ఆచారం. నవ్వితే అలుపు తెలీదు. అందరి ఊపిరీ ఒక్కసారే లేత్తాది. నీకు కోపం రాకూడదు మరి!"

"రాదు తాతా, పద!"

కొత్త తాడు కట్టారు. తాత బండెక్కి గొంతెత్తాడు.

"పట్టుపాగా దొరయ్యా!"
"హైలెస్సా!"
"బుట్టంత పొట్టయ్యా!"
"హైలెస్సా!"
"తాడు పట్టని దొరయ్యా!"
"హైలెస్సా!"
"కూలెందుకు నీకయ్యా!"

అరవై మందీ గొల్లుమన్నారు. విజయగుప్తుడి ముఖం ఎర్రబడింది. తాను అన్న మాటే తనకు తగిలింది మరి! అంతలోనే తానూ పకపకా నవ్వేశాడు. పాగా తీసి ఇసుకలో పెట్టి, తాడు పట్టుకున్నాడు. "హైలెస్సా!" అన్నాడు అందరితోపాటు. ఓడ కదిలింది. నీళ్లలోకి దిగేదాకా మళ్లీ ఆగలేదు.

"ఎలా దించావయ్యా?" అని అడిగారు రాజుగారు.

"అరవై మంది చేతులు, ఒక తాత గొంతు, నా పొట్ట, ప్రభూ!" అన్నాడు విజయగుప్తుడు.

కాబట్టి పిల్లలూ, పని చేయించదలచినవాడు ముందు పనివాళ్ల పాట వినాలి.