ఒక్కరికి చాలినంత

ఇందులో ఏది ముందు జరిగిందో, ఏది తరవాత జరిగిందో నేను కాస్త అటూ ఇటూ చేసి ఉండొచ్చు. షాపు ముందా, దర్గా ముందా అని ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. జరిగింది మాత్రం ఇదీ.

భ్రమరాంబ ఒక ప్రింటరు కొనాలి. ఏది కొనాలో తెలియడం లేదు.

ఆవిడ తాలూకా ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి. ఎర్రవాగు దర్గాలో ఉండే హమీద్ బాబాకు శిష్యురాలు. ప్రతి గురువారం బాబా చెప్పే నాలుగు మాటలు మనసులో పెట్టుకుని, ఇంటికెళ్ళి ఒక కాగితం మీదికి ఎక్కించి, రాలేని వాళ్ళకు పోస్టులో పంపేది. ఆ కాగితం కోసం ఒకప్పుడు చాలామంది ఎదురుచూసేవాళ్ళు.

తరవాత ఊరికి బైపాసు పడింది. బస్సులు దర్గా ముందు నుంచి వెళ్ళడం మానేశాయి. కొందరు ఊళ్ళు మారారు, కొందరు పోయారు. మిగిలినవాళ్ళు "ఫోనులో పెట్టెయ్యి అక్కయ్యా, ఇంకా కాగితాలేమిటి?" అన్నారు. ఫోనులో పెట్టింది. ఎవరూ తెరవలేదని ఆ ఫోనే చూపించేది.

ఇంట్లో పాత ప్రింటరు ఒకటి ఉండేది. చవగ్గా వస్తోందని కొన్నది. యంత్రం చవకే గాని, అందులో వేసే సిరా డబ్బీ ప్రాణం తీసేది. పట్టుమని పది కాగితాలు తీశామో లేదో అయిపోయినట్టుండేది. అందుకని భ్రమరాంబ పొదుపు మొదలుపెట్టింది. యంత్రం మీద పట్టుగుడ్డ కప్పింది. దసరాకు పసుపూ కుంకుమా పెట్టింది. ఉరుసు రోజున తీద్దాం, అందాకా సిరా ముట్టుకోకూడదు అనుకుంది. తీరా ఉరుసు నాడు గుడ్డ తీసి కాగితం పెడితే, తెల్లగా లోపలికి వెళ్ళిన కాగితం తెల్లగానే బయటికొచ్చింది.

ఊళ్ళో కంప్యూటర్ షాపు ఉమాపతిది. అతను మూత తీసి లోపలికి చూశాడు.

"అమ్మా, మీరు దీన్ని వాడలేదు. పూజించారు."

"సిరా మిగులుతుందని బాబూ."

"మిగల్లేదు, ఎండిపోయింది. సిరా వచ్చే కంతలన్నీ మూసుకుపోయాయి. దీన్ని బాగుచేయించే కంటే కొత్తది కొనుక్కోవడం నయం."

అతనే రెండు రకాలు చూపించాడు. మొదటిదానికి పక్కన చిన్న చిన్న ట్యాంకులుంటాయి. సీసాతో సిరా పోసుకోవచ్చు. కాగితానికి పడే ఖర్చు ఉందా లేదా అన్నట్టుంటుంది. కాకపోతే వారానికి ఒక్కటైనా తీస్తూ ఉండాలి, లేకపోతే పాతదాని గతే. రెండోది లేజరు. అందులో సిరా ఉండదు, పొడి ఉంటుంది. ఎన్నాళ్ళు ఊరికే ఉంచినా ఎండదు. ధర ఎక్కువ, పొడి మార్చినప్పుడల్లా గట్టిగానే పడుతుంది.

"నాకేది మంచిదంటావు?"

"అది మీరే చెప్పాలి. తరచూ తీసేవాళ్ళయితే ట్యాంకుది. ఎప్పుడో ఒకసారి తీసేవాళ్ళయితే పొడిది. మీరు ఏ రకం?"

భ్రమరాంబ రెండిటినీ మరోసారి చూసింది. ఆలోచించుకుని వస్తానని వెళ్ళిపోయింది. మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. చెప్పినవే మళ్ళీ చెప్పించుకుంది. "ఏంటమ్మా, పెళ్ళి సంబంధం చూస్తున్నారా?" అని నవ్వాడు ఉమాపతి. ఆవిడా నవ్వింది. ఆ వారంలో ఆవిడను కూర్చోబెట్టి మాట్లాడిన మనిషి అతనొక్కడే.

ఇంటికొచ్చాక "ట్యాంకుదా? పొడిదా?" అని పైకే అనేది. పక్కింటి కుక్కరు కూత తప్ప జవాబు వచ్చేది కాదు.

కూడబెట్టింది ఒక్క యంత్రానికే సరిపోతుంది. ఈసారి కూడా తప్పు చేస్తే కాగితం మాట ఇక మరిచిపోవడమే. కానీ ఆవిడను తినేస్తున్నది అదొక్కటే కాదు. పొడిది కొంటే, చదివేవాళ్ళు లేరని తన నోటితో తనే ఒప్పుకున్నట్టు. ట్యాంకుది కొంటే, వారం వారం ఎవరికని తియ్యాలి?

గురువారం దర్గాకు వెళ్ళింది. వసారాలో పరిచిన చాప మీద ఆవిడ ఒక్కతే. బాబా ఎప్పటి వేళకే వచ్చి, చాప నిండా జనం ఉన్నట్టే సలాం చేసి కూర్చున్నారు.

ఆవిడ అంతా చెప్పుకొచ్చింది. బాబా కళ్ళు మూసుకుని విన్నారు. నిద్రపోయారేమోనని ఆవిడ ఆగింది.

"చెప్పు బేటీ, వింటున్నా. పొడి దగ్గర ఆగావు."

"ఏది కొనమంటారు బాబా?"

"నాకు చెంబుకూ గిన్నెకూ తేడా తెలుసు. యంత్రాల సంగతి నాకేం తెలుసు? పద, నీళ్ళు పట్టే వేళయింది."

చేతిపంపు గేటు పక్కనే ఉంది. బస్సులు ఇక్కడ ఆగే రోజుల్లో దాని ముందు జనం వరస కట్టేవాళ్ళు. గేటు అరుగు మీద ఒక మట్టి కూజా, దాని మీద బోర్లించిన గ్లాసు. బాబా కూజా ఎత్తారు. నిన్నటి నీళ్ళు అంచుదాకా ఉన్నాయి. ఎవరూ ముట్టలేదు. వాటిని తీసుకెళ్ళి గులాబీ మొదట్లో పోశారు. కూజా కడిగి పంపు కింద పెట్టి, కొట్టడం మొదలుపెట్టారు. మోకాళ్ళ నొప్పుల మనిషి. పిడి కిందికి దిగినప్పుడల్లా ఒక మూలుగు.

భ్రమరాంబ రోడ్డు వైపు చూసింది. ఒక మేక తప్ప ఏమీ లేదు.

"ఎవరూ తాగడం లేదు కదా బాబా. రోజూ ఎందుకీ అవస్థ? ఎవరైనా వచ్చిననాడు కొడితే పోదా?"

"వచ్చిననాడు ఇది పలకదు. లోపల తోలు వాషరు ఉంటుంది. తడి ఆరిందంటే అంతే."

బాబా పిడి వదిలి పక్కకు జరిగారు. ఆవిడ పట్టుకుంది. చల్లగా, బరువుగా ఉంది.

"ఎంత కొట్టమంటారు?"

బాబా ఖాళీ రోడ్డు వైపు చూశారు.

"ఒక్కరికి చాలినంత."

ఆవిడ కొట్టింది. కూజా నిండింది. అరుగు మీద పెట్టి, గ్లాసు బోర్లించింది. ప్రింటరు మాట మళ్ళీ ఇద్దరూ ఎత్తలేదు.

తిరిగొస్తూ ఉమాపతి షాపు దగ్గర ఆగింది.

"తేలిందా అమ్మా, సంబంధం?"

"ట్యాంకుది ఇయ్యి బాబూ."

"మరి వారం వారం తీస్తారా? ఎవరికమ్మా?"

భ్రమరాంబకు ఒక మనిషి గుర్తొచ్చింది. పూర్వం దర్గా వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చునేది. మతిమరుపు వస్తోందని మేనకోడలు వచ్చి, అడ్రసు రాసిచ్చి, తనతో తీసుకెళ్ళిపోయింది. ఆమె దగ్గర్నుంచి ఏ కబురూ లేదు.

"ఒకరున్నారు" అంది.

వసుధా, పేర్లు ఒకసారి సరిచూడమ్మా. షాపతను ఉమాపతో, పశుపతో. ఊరు ఎర్రవాగో, ఎర్రవంకో. మీ అత్తయ్య జ్ఞాపకాన్ని నమ్మకు. భ్రమరాంబ పేరూ బాబా పేరూ మాత్రం చూడక్కర్లేదు. ఆ రెండూ నాకొచ్చే కాగితం అడుగున వారం వారం వస్తూనే ఉన్నాయి.