పర్ర మీద చక్రాల జాడ

"గురువుగారూ, నాలో వంకర చాలావరకు పోయింది. ఇక మిగిలింది రవ్వంతే. సువర్చలను తీసుకొచ్చుకోవచ్చా?" అని అడిగాడు చిదంబరం. భార్య మీద చెయ్యి చేసుకోవడం, ఆమె పుట్టింటికి పోవడం, ఇతడు బతిమాలి తెచ్చుకోవడం అప్పటికి రెండుసార్లు జరిగింది. ఇది మూడోసారి.

కోటిలింగంగారు ఒకప్పుడు బస్సు నడిపిన మనిషి. ఇప్పుడు ఇంటి వసారాలో వేదాంతం చెబుతున్నారు. అడిగినదానికి సూటిగా బదులివ్వడం ఆయనకు అలవాటు లేదు. "నా పాత కారు ఒక పక్కకి లాగుతోంది. చక్రాలు సరిచెయ్యి. రేపు అందులోనే వెళదాం" అన్నారు.

చిదంబరం వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా దారం బిగించి కట్టాడు. దారానికీ టైరుకీ మధ్య సందు చూసుకుంటూ, కారు కిందికి దూరి, చక్రాన్ని తిప్పే కడ్డీని పానాతో కొద్దికొద్దిగా సవరించాడు. కుడి పక్క బియ్యపుగింజంత తేడా ఉండిపోయింది. మర బిగుసుకుపోయింది, ఎంత తిప్పినా కదల్లేదు. ఇంతేగా అనుకుని దారం విప్పేశాడు. గురువుగారు వసారాలోంచి చూస్తూనే ఉన్నారు.

తెల్లవారాక బయల్దేరారు. సువర్చల పుట్టిల్లు సముద్రపొడ్డున చవిటి పర్రకు అవతల ఉంది. పర్ర అంటే ఉప్పు తేలిన బయలు; దాని మీద బాట లేదు, చెట్టూ లేదు. ఆ ఉదయం మంచు నాలుగు వైపులా గోడ కట్టినట్టు నిలిచింది. "స్టీరింగు తిన్నగా పట్టుకో, అటూ ఇటూ తిప్పకు" అన్నారు గురువుగారు.

చాలాసేపటికి తడి నేల మీద టైరు జాడలు కనిపించాయి. అంచులైనా విరగలేదు. ఎవరో ఇప్పుడే వెళ్లారు. చిదంబరం హారన్ కొట్టాడు. పలికినవాళ్లు లేరు. మళ్లీ అంతసేపు పోయాక ఆ జాడలు రెండు జతలయ్యాయి.

"ఇద్దరున్నారండీ ముందు" అన్నాడు చిదంబరం. "ఇంత పొద్దున్నే ఆ ఊరికి ఎవరు పోతున్నట్టు? ఆ ఇంట్లో ఉండేది ఆడవాళ్లే."

"దిగి చూడు."

దిగి, మోకాళ్ల మీద వంగి చూశాడు. జాడలో బారెడు దూరానికొకటి చొప్పున అడ్డంగా గాటు. లేచి తన కారు ఎడమ టైరు చూశాడు. అదే గాటు. రెండు జతల్లోనూ అదే. మంచులోంచి వెనక్కి చూస్తే, మూడో జత తాము నిలబడ్డ చోటికే వచ్చి ఆగి ఉంది. ఆ బియ్యపుగింజంత తేడా కారును ఇంతసేపూ గుండ్రంగా తిప్పింది.

"ఎవడో పాపిష్టివాడు ఆ ఇంటికే పోతున్నాడని హడలిపోయానండీ" అన్నాడు చివరికి. "ఇవాళ వెళ్లొద్దు. వెనక్కి పోదాం."

గురువుగారు కారు తలుపు తెరిచి పట్టుకున్నారు.

"వాడెవడో నీకు ఇవాళ తెలిసింది. ఆ పిల్లకి ఎప్పుడో తెలుసు."