సుద్దగీత పెట్టిన రీలు

కొత్త రీలు బిగించిన గాలం విసిరినప్పుడల్లా ఓదెలుకు దారం ఉబ్బి చిక్కుపడుతోంది. పొద్దుటినుంచి ఇది ఏడోసారి.

ఓదెలు టైలరు. మానేరు డ్యాం వెనక నీళ్ల ఒడ్డున ఉండే స్వరూప అంటే ప్రాణం. స్వరూప నాయన పోశెట్టి వల వేసే మనిషి. "ఆదివారం పగటి కూరకు ఒక్క కొర్రమీను నీ చేత్తోని పట్టి తే. పిల్ల సంగతి అప్పుడు మాట్లాడుదాం" అన్నాడు.

ఇవాళే ఆదివారం. తామరాకుల మీద ఎండ మెరుస్తోంది. ఆ ఆకుల కింద ఎక్కడో స్వరూప నవ్వే దాక్కున్నట్టుంది ఓదెలుకు. రీలు మాత్రం మాట వినడం లేదు.

గాలం పట్టడంలో ఆ ఒడ్డుకంతా ఉస్తాదు మదార్ సాబ్. నెల రోజులుగా ఓదెలు ఆయన శిష్యుడు. ఆయన తాపీగా దగ్గరికొచ్చాడు.

"ఏం బేటా, స్వెటర్ అల్లుతున్నవా?"

ఓదెలు ముఖం వేలాడేశాడు. "రీలే మంచిది కాదు ఉస్తాద్. నా తప్పేం లేదు. మీ రీలు మర ఎంత తిప్పి ఉందో చూసి, సుద్దతోని గీత పెట్టుకున్న. నాది కూడా సరిగ్గ అంతే తిప్పిన. వెంట్రుకవాసి తేడా లేదు."

రీలు పక్కనుండే ఆ చిన్న మరతోనే దారం చుట్టిన డ్రమ్ము వదులు చేసేదీ, బిగించేదీ. మదార్ సాబ్ సుద్దగీతను చూశాడు. బొత్తాలు విప్పి తన చొక్కా ఓదెలు చేతిలో పెట్టాడు.

"వేసుకో."

"నేనా?"

"వేసుకోరాదూ!"

వేసుకున్నాడు. బక్కపలచని ఓదెలుకు అది మోకాళ్ల దాకా దిగింది. చేతులు చొక్కా చేతుల్లోనే మాయమయ్యాయి. పుట్టిలో పోతున్న ఇద్దరు మనుషులు తెడ్లు ఆపి మరీ నవ్వారు.

"ఎవలు కుట్టిన్రు దీన్ని?" అడిగాడు మదార్ సాబ్.

"నేనే. మొన్న బక్రీదుకు."

"గట్లెట్ల కుట్టినవ్ మరి? కొలత తప్పిందా?"

ఓదెలుకు రోషమొచ్చింది. "నా కొలత తప్పదు ఉస్తాద్! అది మీ ఒంటి కొల..."

చూపు రెండు గాలాల మీదికి పోయింది.

ఉస్తాదు గాలానికి ఎరగా ఉన్న రబ్బరు కప్ప బొటనవేలంత. పెద్ద చేప పడాలని పట్నంలో ఏరుకొచ్చిన తన కప్ప పిడికిలంత, బరువూ ఎక్కువే.

ఓదెలు సుద్దగీతను వేలితో తుడిచేశాడు. గాలం కర్ర ఎత్తిపట్టి డ్రమ్ము వదిలాడు. కప్ప ధబ్బున పడింది, డ్రమ్ము ఇంకా తిరుగుతూనే ఉంది. మర కొంచెం బిగించాడు. మళ్లీ వదిలాడు. ఇంకొంచెం. ఈసారి కప్ప మెల్లగా దిగి నేలను తాకింది. డ్రమ్ము కూడా దాంతోపాటే ఆగింది.

విసిరాడు. దారం మీద బొటనవేలు దూదిలా ఆనించాడు. కప్ప తామరాకులు దాటిపోయి, ఖాళీగా ఉన్న నీళ్లలో వాలింది. ఒక్క చిక్కు లేదు.

రెండుసార్లు గుంజాడో లేదో, నీళ్లు పగిలినట్టు పెద్ద చప్పుడు. కర్ర విల్లులా వంగింది.

"ఉస్తాద్! ఉస్తాద్! ఇప్పుడేం చెయ్యాలె?" అంటూ వెనక్కి తిరిగాడు ఓదెలు.

మదార్ సాబ్ అప్పటికే బీడీ ముట్టించుకుని గట్టు మీద కూర్చున్నాడు.

"నన్నెందుకు చూస్తవ్ బేటా? చేప అటున్నది."