రాయి లేని ఊరు

ఉదయం ఆరుంపావుకు గండికోట లోయ అంచున, నాలుగు గిట్టలు మాత్రమే ఆనే రాతి మెట్టు మీద నిలబడి ముసలి మేక సుంకులమ్మ తుమ్మకాయ నములుతోంది. చాలా లోతున పెన్నా పారుతోంది. పైన చదును బండ మీద పుల్లప్ప నక్క కూర్చుంది. దూకితే లోయలో పడుతుంది కనుక నాలుగు రోజులుగా నోటితోనే పని జరుపుకోవాలని చూస్తోంది.

"ఆయ్, కోనసీమంటే ఏవనుకున్నారండి? గోదారి పాయలుగా చీలి సముద్రంలో కలుస్తాదండి. దిండిలో పడవలే ఇళ్లండి. ఎటు చూసినా కొబ్బరి నీడే. లంకల్లో గడ్డి మీ మెడదాకా ఉంటదండి."

"నువ్వు పుట్టింది ఆ ఎదురు గుట్టలో," అంది సుంకులమ్మ విసుగ్గా. "ఈ ఆయ్‌లూ అండీలూ యాడ నేర్చినావు?"

కోట పక్క గుడారాల్లో దిగే యాత్రికుల మాటలు చాటుగా విని నేర్చుకుంది. ఆ సంగతి చెప్పకుండా నక్క చుట్టుపక్కల మెట్ల మీదున్న పిల్లమేకల వైపు తిరిగింది. "ఆత్రేయపురం పూతరేకు తిన్నారా అండి? అచ్చం కాగితంలా ఉంటాది. తియ్యటి కాగితం!"

పిల్లమేకలన్నీ ఒక్కసారి గుటక వేశాయి.

"పోదాం జేజీ!" అంది మనవరాలు చెంగి. "ఈడేముండాది? ఎర్రబండలు, ముళ్లకంపలు. మాధవరాయ గుడి చూసినాం, ధాన్యాగారం చూసినాం, పావురాల గోపురం చూసినాం. ఎన్నిసార్లు చూడాల?"

"ఈ బండల్నే గదే జనం బస్సులెక్కి వచ్చి చూస్తాండేది!"

"వాళ్లు రెండ్రోజులుండి పోతారు గదా!"

ఆ మాట నిజమని సుంకులమ్మకూ తెలుసు. అసలు కోపం అందుకే వచ్చింది. నక్క వైపు తిరిగి, "అంతా బాగుంది గానీ, ఆడ బండలుండాయా?" అని అడిగింది.

"బండలా?" నక్క ఉత్సాహంగా లేచింది. "గులకరాయి కూడా ఉండదండి! అంతా ఒండ్రు, వెన్నలాగ మెత్తన. రోలు కావాలన్నా బయటి ఊళ్ల నుంచి తెచ్చుకోవాల్సిందే. మీ గిట్టలకు ఎంత సుఖమండి!"

సుంకులమ్మ నమలడం ఆపేసింది. మనవరాలి చెవి దగ్గర, "ఇన్నావా? రాయి లేని ఊర్లో నక్క తరిమితే యాడికెగురుతావే?" అంది.

"నీకన్నీ అనుమానాలే. పుల్లప్ప మామ మంచోడు."

మామంట! సుంకులమ్మకు తల బండకేసి కొట్టుకోవాలనిపించింది. బండలకు కొదవ కూడా లేదు. చెంగి అప్పటికే చదును సెనగచేలకు దిగే దారి వైపు తిరిగింది. ముందుది ఎటు పోతే మందంతా అటే. చేలల్లోకి దిగితే ఒక్కటీ మిగలదు.

"సరే, పోదాం," అంది సుంకులమ్మ గట్టిగా. "ఆ దేశంలో పడవలే ఇళ్లంటివి. మావాళ్లకు అలవాటు లేదు. కింద పెన్నా ఒడ్డున జాలర్ల పుట్టి కట్టేసి ఉంది. నువ్వు ముందెక్కి చూపించు, మేం ఒక్కొక్కరం వచ్చి కూర్చుంటాం."

నడి నీళ్లలో, ఎగరడానికి చోటులేని పుట్టి నిండా మేకలు! నక్కకు నోరూరింది. కాలిదారిన పరుగున దిగి గుండ్రటి వెదురు పుట్టిలోకి దూకింది. మేకలు బండ మీంచి బండ మీదికి దిగాయి. సుంకులమ్మ పుట్టి కట్టేసిన తాడు దగ్గరికి పోయి నమలడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నారండి?"

"ఆకలైతాంది. కొబ్బరిపీచు తాడు. మీ కోనసీమదేనేమో, రుచిగా ఉంది."

తాడు తెగింది. పుట్టి గిర్రున తిరుగుతూ ప్రవాహంలోకి పోయింది. నక్క నోట్లోంచి అండీలు ఎగిరిపోయాయి.

"ఒసే ముసలిదానా! ఇంకొక్క ఘడియ ఆగింటే నీ మనవరాలి మెడ నా నోట్లో ఉండేది గదే!"

చెంగి పక్కనున్న బండ మీదికి ఒక్క దూకు దూకి, అక్కడే నిలబడిపోయింది.

"ఇప్పుడు తెలిసిందా బండలెందుకో?" అంది సుంకులమ్మ. "ఎవురన్నా ఊరిని పొగిడితే, చూసేదానికి ఏముందని కాదు, మన కాలు ఆనేదానికి ఏముందని అడగాల."

కొన్నాళ్లకు నీటికాకి కబురు తెచ్చింది. పుట్టి మైలవరం జలాశయం ఒడ్డుకు చేరిందట. నక్క అక్కడి గొర్రెలకు గండికోట అందాలు వర్ణిస్తోందట. ఒక ముసలి గొర్రె, "నేల చదునుగా ఉంటుందా?" అని అడిగితే, "చదునా? అంతా నిలువు బండేనండి, జారితే నేరుగా పెన్నాలోకే!" అందట గర్వంగా. గొర్రె ఒక్కటీ కదల్లేదట.