పుక్కిలించని ఉడుతపిల్ల

అనగనగా ఒక ఇప్పచెట్ల అడవి. ఆ అడవిలో చారమ్మ అనే ఉడుత ఉండేది. దానికి ఒక్కగానొక్క కూతురు. తోక కుంచెలా ఉంటుందని పిల్లకు కుంచె అని పేరు పెట్టుకుంది.

కుంచెకు ఉబ్బసం. నాలుగు కొమ్మలు ఎక్కితే చాలు, గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యేవి. ఉడుత ఇంట్లో పిల్లికూతలు వినబడితే ఆ తల్లికి కంటిమీద కునుకెక్కడిది?

చారమ్మ పిల్లను వెంటబెట్టుకుని వైద్యుడు ఎలుగుబంటి దగ్గరికి వెళ్ళింది. ఎలుగుబంటి ఒక వెదురుగొట్టంలో ఆకుపొడి పోసి ఇచ్చింది.

"రోజూ పొద్దునా సాయంత్రం ఈ పొడి పీల్పించు. పీల్చాక నీళ్ళు పుక్కిలించి ఉమ్మెయ్యమను. ఆయాసం తగ్గింది కదా అని నన్నడక్కుండా మానిపించకు" అని చెప్పింది.

ఈ మూడు మాటల్లో మొదటిదాన్ని చారమ్మ తు.చ. తప్పకుండా పాటించింది. రెండోదే మింగుడుపడలేదు. ఉడుతల్లో ఒక ఆచారం ఉంది. నోట్లో పడ్డదాన్ని ఉమ్మకూడదు. ఉమ్మితే అడవితల్లికి కోపం వస్తుందట! "అయినా బంగారంలాంటి మందు ఉమ్మేస్తే ఇంక పనిచేసేదేమిటి?" అనుకుంది చారమ్మ. పుక్కిలించే మాటే ఎత్తలేదు. పొడి చేదుగా ఉందని పిల్ల మూతి ముడిస్తే, నాలుక మీద ఇంత తేనె రాసి పడుకోబెట్టేది.

కుంచెకు ఆయాసం తగ్గింది. చిటారుకొమ్మ దాకా ఎక్కి తల్లిని రమ్మని పిలిచేది. చారమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఒకరోజు కుంచె బాదంకాయ కొరికి కెవ్వుమంది. చారమ్మ పిల్ల నోరు తెరిపించి చూసింది. ముందుపళ్ళు నల్లబడి గుల్లబారి ఉన్నాయి. పళ్ళు లేని ఉడుత ఏం తిని బతుకుతుంది? 

కింది కొమ్మ మీది గోరింక ఊరుకుంటుందా?

"చూశావా వదినా, ఆ పొడే పళ్ళు తినేస్తోంది. ముందు దాన్ని అవతల పారెయ్. మా పిల్లలు ఏ మందూ పీల్చరు. ఒక్కరికైనా పంటినొప్పి ఉందేమో అడుగు!" అంది.

గోరింకకు పళ్ళెక్కడివని చారమ్మ అడగలేదు. తొర్రలోంచి గొట్టం తీసి వాగులో పడేసింది. వైద్యుడి మూడో మాట కూడా వాగు పాలైంది.

ఇప్పపూలు రాలే రోజులు వచ్చాయి. గాలి నిండా పుప్పొడి. ఒక మధ్యాహ్నం కుంచె కొమ్మ మధ్యలో ఆగిపోయింది. పిల్లికూతలు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి పెదవులు కూడా నీలంగా మారాయి. "అమ్మా, ఊపిరి..." అంది. మాట పూర్తి చెయ్యలేకపోయింది.

చారమ్మ పిల్లను నోట కరుచుకుని పరుగెత్తింది. ఎలుగుబంటి వెంటనే మరో గొట్టం తీసి వేరే పొడి పీల్పించింది. కాసేపటికి ఊపిరి నెమ్మదించింది. చారమ్మ అక్కడే కూలబడి, పుక్కిలించనివ్వనిదీ తేనె రాసిందీ అంతా చెప్పుకుని ఏడ్చింది.

"పళ్ళు పోతున్నాయని మందు మానిపించాను వైద్యుడుగారూ. పిల్లే పోయేది" అంది.

"మందు నోట్లో నిలిస్తే పళ్ళకు మంచిది కాదు తల్లీ. అందుకే పుక్కిలించమన్నాను. నువ్వు దాని మీద తేనె కూడా రాశావు. ఇదిగో, నా నోరు చూడు."

ఎలుగుబంటి నోరు తెరిచింది. ముందు ఒక్క పన్నూ లేదు.

"నేను ఏ మందూ పీల్చలేదు. ఇదంతా తేనె చేసిన పని" అంది. పాపం, సిగ్గుపడుతూనే అంది.

పుచ్చిన పాలపళ్ళు పీకించుకుని, కొత్త గొట్టమూ ఒక వేపపుల్లా పట్టుకుని తల్లీపిల్లా ఇల్లు చేరాయి. ఆ సాయంత్రం కుంచె పొడి పీల్చింది. చారమ్మ ఆకుదొన్నెలో నీళ్ళు అందించింది. కుంచె తల్లి వంక అనుమానంగా చూసింది.

"అమ్మా, ఉమ్మితే అడవితల్లికి కోపం రాదూ?"

"వస్తే నామీదికి రానీ. నువ్వు ఉమ్ము" అంది చారమ్మ.

కుంచె బుగ్గలనిండా నీళ్ళు పోసుకుని, గలగలా పుక్కిలించి ఉమ్మింది. కింది కొమ్మ మీది గోరింక ఆ రోజే ఇల్లు మారింది.

నీతి: వైద్యుడి మాట సగమే వింటే, ఒకటి బాగుపడేలోగా ఇంకొకటి చెడుతుంది.