పచ్చ వైరు

పెంచలయ్య స్విచ్‌బోర్డు మూత విప్పి చూశాడు. లోపల న్యూట్రల్ లేదు.

ఉండదని పని నేర్పిన ఉస్తాద్ ముందే చెప్పాడు. అయినా ఎక్కడో ఆశ. టార్చి కొట్టి మళ్ళీ వెతికాడు. కరెంటు తెచ్చే ఎర్ర వైరుంది. లైటుకీ ఫానుకీ పోయే వైర్లున్నాయి. ఇనప డబ్బాకి బిగించిన పచ్చ ఎర్త్ వైరుంది. కరెంటు తిరిగిపోయే నల్ల వైరు, ఆ న్యూట్రల్ మాత్రం లేదు. పాత ఇళ్ళలో అంతే. ఆ వైరుని స్విచ్చుదాకా దించరు, పైనే లైటుకి కలిపేస్తారు. మామూలు స్విచ్చుకి దాంతో పని కూడా లేదు.

ఇప్పుడు పెట్టాల్సింది మాట వినే స్విచ్చు. ఎవరెప్పుడు పిలుస్తారోనని అది ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. దానికంటూ కాస్త కరెంటు కావాలి, ఆ కరెంటు తిరిగిపోవడానికి దారి కావాలి.

నెల్లూరు మూలాపేటలో ఉన్న ఆ ఇల్లు దమయంతి గారిది. హిందీ టీచరుగా చేసేవారు. నరాల జబ్బు చేసి కాళ్ళూ చేతులూ పడిపోయాయి. గొంతు మాత్రం ఇప్పటికీ క్లాసు చివరి బెంచీదాకా వినపడేలా ఉంటుంది. చెల్లెలు ప్రమీల నర్సింగ్‌హోములో పనిచేస్తుంది. ఆవిడ ఇల్లు చేరేసరికి బాగా చీకటిపడుతుంది. పగలు చూసుకునే మనిషి సాయంత్రం కాగానే వెళ్ళిపోతుంది. ఆ మధ్యలో దమయంతి గారు మంచం మీద అట్లాగే ఉంటారు. స్విచ్చులు ఎదురుగోడకే ఉంటాయి. చీకటి పూర్తిగా పడేదాకా కనిపిస్తూనే ఉంటాయి.

"లైటొక్కటే అయితే మాట వినే బల్బు పెట్టేసి పోయేవాణ్ణమ్మా. ఫానుకి కూడా కావాలి కదా, అందుకే ఇంత పని" అన్నాడు పెంచలయ్య.

"చీకటికి అలవాటుపడ్డాలే. ఫానుతోనే చావొచ్చింది. చలేసినా ఆపుకోలేను" అన్నారావిడ.

అది విని పెంచలయ్య ఆగలేకపోయాడు.

"ఈ సాయంత్రం మీరు వెయ్యమంటే లైటు వెలుగుద్దమ్మా. పూచీ నాది."

ఆ ఉస్తాద్ పేరు మస్తాన్‌వలీ. చిన్నబజారులో ఆయనకో రిపేరు దుకాణం ఉంది. మోకాళ్ళు అరిగాక నిచ్చెన ఎక్కడం మానేసి, ఇళ్ళ పనులకి పెంచలయ్యని పంపుతున్నాడు. ఈ ఇంటికి పంపుతూ ఒకటే మాట అన్నాడు. "హాల్లోనుంచి న్యూట్రల్ లాగు. ఆలస్యమైతే అవనీ."

పెంచలయ్య గోడలోని పైపులోకి ఉక్కు తీగ తోశాడు. జానెడు పోయి ఆగింది. తిప్పి తోశాడు, హాలు వైపు నుంచి తోశాడు. లోపల సిమెంటు దిగి గడ్డకట్టినట్టుంది. ఇక మిగిలింది గోడకి గాడి కొట్టి కొత్త పైపు వెయ్యడమే. మిషను పెడితే గదంతా దుమ్ము. దమయంతి గారి ఊపిరి అసలే అంతంతమాత్రం. నిదానంగా ఉలితో కొడితే కొన్ని రోజులు పడుతుంది.

కిటికీలో ఎండ పల్చబడింది. మంచం మీంచి ఆవిడ తననే చూస్తున్నారు.

పెంచలయ్య కళ్ళు పచ్చ వైరు మీద పడ్డాయి. అది మట్టిలోకి పోతుంది. కరెంటు తిరిగిపోవడానికి అదీ ఒక దారే. టెస్టర్ పెట్టి చూశాడు, ఎర్త్ బాగానే ఉంది. స్విచ్చులో న్యూట్రల్ బిగించాల్సిన చోట పచ్చ వైరు బిగించాడు. ఆ ఇంటిది పాత ఫ్యూజుల మెయిను. ఎర్త్‌లోకి కరెంటు పోతే పసిగట్టి ఆపేసే కొత్తరకం కాదు కాబట్టి అదేమీ అభ్యంతరం చెప్పలేదు.

"ఇప్పుడు చెప్పండమ్మా."

"లైటు వెయ్యి" అన్నారు దమయంతి గారు.

వెలిగింది. ఆవిడ ఆర్పమన్నారు, మళ్ళీ వెయ్యమన్నారు. ఫాను తిప్పించారు, ఆపించారు. ఆఖరికి నవ్వొచ్చి మాట సరిగ్గా పలకలేకపోతే స్విచ్చు పలకలేదు. దానికి ఇంకా నవ్వారు. పెంచలయ్య సామాన్లు సర్దుకుని, దారి పొడుగునా ఈల వేసుకుంటూ దుకాణానికి వచ్చాడు.

మస్తాన్‌వలీ టీ తాగుతున్నాడు.

"అయిపోయింది ఉస్తాద్. ఆయమ్మ ఎంత సంబరపడిందో మీరు చూడాల్సింది."

"పైపు దారిచ్చిందా?"

"లేదు. మూసుకుపోయింది."

"మరి న్యూట్రల్ ఎక్కడ దొరికింది?"

"ఎర్త్‌కి ఇచ్చా. చూశాను ఉస్తాద్, ఎర్త్ బాగుంది."

మస్తాన్‌వలీ గ్లాసు కింద పెట్టాడు. టీ ఇంకా సగముంది. "బండి తియ్యి" అన్నాడు.

వాళ్ళు వెళ్ళేసరికి ప్రమీల అప్పుడే వచ్చి, వంటింట్లో పాలు కాస్తోంది. మస్తాన్‌వలీ ముందు పెరట్లోకి నడిచాడు. కుళాయి పక్కన, ఇంటి ఎర్త్ తీగ నేలలోకి దిగేచోట వంగి చూశాడు. తీగ తుప్పుపట్టి పుల్లలా సన్నబడింది. లోపలికొచ్చి, "అమ్మా, అక్కగారిని కాసేపు చక్రాల కుర్చీలో వరండాలో కూచోబెడతారా? చిన్న పనుంది" అన్నాడు.

దమయంతి గారిని వరండాలోకి చేర్చాక గదిలో ఇద్దరే మిగిలారు.

ఆ మంచం ఆసుపత్రుల్లో ఉంటుందే, మోటారుతో తలవైపు లేచేది, అట్లాంటి ఇనప మంచం. గదిలో ప్లగ్గు లేక హాల్లోంచి పొడుగు వైరు తెచ్చి పెట్టుకున్నారు.

"ఈ మంచానికి ఎర్త్ ఉందా?" అడిగాడు మస్తాన్‌వలీ.

"ఉంది ఉస్తాద్. మూడు పిన్నుల ప్లగ్గే."

"ఎక్కడ కలిసింది?"

"ఇంటికంతా ఒకటే కదా. ఆ పచ్చ..." పెంచలయ్య చూపు స్విచ్‌బోర్డు మీదికి పోయింది.

"చెప్పులు విప్పి దాని మీద పడుకో. చేతులు రెండూ ఇనప కడ్డీల మీద పెట్టు."

పెంచలయ్య పడుకున్నాడు. కడ్డీలు చల్లగా తగిలాయి.

"ఇప్పుడు ఎర్త్ బాగుందన్నావు. నేను పెరట్లోకి పోయి, మట్టిలోకి దిగే ఆ తీగ పీకేస్తా. పీకేముందు కేకేస్తాలే."

ఉస్తాద్ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ వెళ్ళాడు. వంటింటి తలుపు చప్పుడైంది. పెరట్లో చెప్పుల చప్పుడు వినిపించింది. పెంచలయ్య పైన తిరుగుతున్న ఫాను చూస్తూ పడుకున్నాడు. ఆ తీగ తెగితే స్విచ్చులో కరెంటు ఎటు పోతుందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పచ్చ వైరు వెంట వెనక్కి తిరిగి, ఈ కడ్డీల్లోకే వస్తుంది.

"పీకుతున్నా!" పెరట్లోంచి కేక.

పెంచలయ్య ఒక్క దూకున నేల మీద ఉన్నాడు.

మస్తాన్‌వలీ తిరిగొచ్చాడు. చేతిలో తీగ లేదు, పనిముట్టూ లేదు. అసలేదీ పీకలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డ శిష్యుణ్ణి చూశాడు.

"ఎందుకు దిగావు?"

పెంచలయ్య మంచం వైపు చూశాడు.

"ఆయమ్మ దిగలేదు" అన్నాడు మస్తాన్‌వలీ.

పెంచలయ్య వెళ్ళి మెయిన్ ఆపాడు. కొత్త స్విచ్చు ఊడదీసి, పచ్చ వైరుని ఇనప డబ్బాకే బిగించి, పాత స్విచ్చులు ఎట్టా ఉన్నవి అట్టా పెట్టాడు. ఒక స్క్రూ రెండుసార్లు కింద పడింది. ఉస్తాద్ ఆ స్క్రూ వెతికి ఇచ్చాడు.

వరండాలోకి వచ్చి దమయంతి గారి ఎదుట నిలబడ్డాడు.

"అమ్మా, స్విచ్చు తీసేశా. ఇంకొన్ని రోజులు పడుద్ది."

"అదేంటయ్యా, ఇందాక వెలిగింది కదా!"

"వెలిగింది. కలపకూడని వైరుకి కలిపా. మీకు ప్రాణం మీదికి వచ్చేది."

ఆవిడ బడిలో తప్పు ఒప్పుకున్న పిల్లల్ని ఏమనేవారో ఏమో, ఇప్పుడు మాత్రం, "గోడ కొట్టాలా?" అనడిగారు.

"కొట్టాలమ్మా."

"కొట్టు మరి."

మర్నాటి నుంచి ఆవిడ వరండాలో కూచునే వేళ చూసుకుని పెంచలయ్య ఉలి పట్టేవాడు. తలుపుకి తడి దుప్పటి కట్టేవాడు. కొట్టినంత మేర పెళ్ళలు తనే ఎత్తి, నేల తడిగుడ్డతో తుడిచాకే ఆవిణ్ణి లోపలికి తీసుకురమ్మనేవాడు. గాడి ఏ రోజూ జానెడు, రెండు జానలకి మించి సాగేది కాదు.

పొద్దు గూకే వేళ మళ్ళీ వచ్చేవాడు. ఉస్తాద్ పంపలేదు, ప్రమీల అడగలేదు. బండి గుమ్మం ముందు ఆపి, లోపలికెళ్ళి గోడ పక్కన నిలబడేవాడు.

మొదటి రోజు దమయంతి గారికి అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"లైటు వెయ్యి" అనేవారు, స్విచ్చుతో అన్నట్టే, అదే గొంతుతో.

పెంచలయ్య నొక్కేవాడు.

"ఫాను తగ్గించు."

తగ్గించేవాడు. ఒకరోజు ఆవిడ నవ్వి, "నువ్వే నయం, నా మాట తొందరగా అర్థమవుద్ది" అన్నారు. పెంచలయ్యకి నవ్వు రాలేదు. ఆ గోడలోని గాడినే చూస్తూ, "ఇంకో మూర ఉందమ్మా" అన్నాడు.

కొత్త పైపులోంచి నల్ల వైరు బోర్డులోకి వచ్చిన రోజు, స్విచ్చు బిగించే ముందు పెంచలయ్య ఉస్తాద్‌ని బండి మీద తీసుకొచ్చాడు. ఎర్త్ తీగ కూడా కొత్తది వేసి ఉంది. మస్తాన్‌వలీ బోర్డు లోపలికి చూశాడు, పెరట్లోకి వెళ్ళి చూశాడు. "బిగించు" అన్నాడు. దమయంతి గారు లైటు వెయ్యమన్నారు. వెలిగింది. ఈసారి ఆవిడ ఆర్పించి చూడలేదు. "సున్నం కూడా వేసిపో, గోడ అసహ్యంగా ఉంది" అన్నారంతే.

గోడకి సున్నం కూడా అయింది. ఇక ఆ ఇంట్లో పనేమీ మిగల్లేదు.

మర్నాడు సాయంత్రం దుకాణంలో పెంచలయ్య ఒక మిక్సీ విప్పి కూచున్నాడు. రేపు ఉదయానికి ఇవ్వాల్సింది. వీధిలో లైట్లు వెలిగాయి. అతను తల ఎత్తి బయటికి చూశాడు, మళ్ళీ మిక్సీలోకి చూశాడు. చేతిలో స్క్రూడ్రైవరు అట్లాగే ఉంది.

"ఉస్తాద్, ఒక్కసారి మూలాపేట దాకా పోయొస్తా."

"ఏం, స్విచ్చు పలకటం లేదంటా?"

"పలుకుతోంది. ఊరికే."

మస్తాన్‌వలీ మిక్సీని తన ముందుకి జరుపుకుని, స్క్రూడ్రైవరు కోసం చెయ్యి చాపాడు.